8 నెలల్లో రెండోసారి పోయిన కప్లర్: ఒక చిన్న ట్రాక్టర్ ఫోర్ వీల్ డ్రైవ్ కేసు

ట్రాక్టర్ 24 హార్స్‌పవర్‌ది. మీటర్ మీద 1,940 గంటలు. ముందు లోడర్ ఉంది, ఫోర్ వీల్ డ్రైవ్ లీవర్‌తో వేసే మెకానికల్ రకం. ఓనర్ చెప్పిన కంప్లైంట్ ఒక్క ముక్కలో తేలిపోయింది: "లీవర్ పడుతోంది, ముందు చక్రాలు లాగట్లేదు." ఆ మాటతో పాటు గుడ్డలో చుట్టి తెచ్చిన ఒక ఇనుప గొట్టం ముక్కను నా బల్ల మీద పెట్టారు. 8 నెలల కింద ఇదే ట్రాక్టర్ నుంచి వేరే చోట తీసిన పాత కప్లర్ అది, అంటే రెండు షాఫ్ట్‌ల చివర్లను కలిపే గొట్టం. లోపలి స్ప్లైన్ పళ్లు (షాఫ్ట్‌ని పట్టుకునే పొడుగు గాళ్లు) దాదాపు చదునైపోయి ఉన్నాయి.

"అప్పుడు ఇది మార్చారండీ. బాగానే నడిచింది. ఇప్పుడు మళ్లీ అదే జబ్బు. ఈసారి యాక్సిల్ మొత్తం విప్పి చూడండి, ఎంతైనా పర్లేదు" అన్నారు.

యాక్సిల్ విప్పే ముందు మీటర్ లెక్క వేశాను. మొదటి కప్లర్ 1,680 గంటలు పనిచేసింది. రెండోది 260 గంటలకే పోయింది. ఒకే బండి, ఒకే మనిషి, ఒకే పని. అలాంటప్పుడు రెండో కప్లర్ అంత తొందరగా ఎందుకు పోయిందో తెలియకుండా మూడోది బిగించడం నాకు ఇష్టం లేదు. ఈ కేసులో ఎక్కువ టైమ్ పట్టింది రిపేర్‌కి కాదు, ఆ కారణం పట్టుకోవడానికే. అందుకే ఆ భాగాన్నే వివరంగా రాస్తున్నాను.

ముందుగా, శక్తి ముందు చక్రాలదాకా వెళ్లే దారి. ఇలాంటి ట్రాక్టర్‌లో గేర్‌బాక్స్ కింది భాగంలో అటూ ఇటూ జరిగే గేరు ఒకటి ఉంటుంది. లీవర్ లాగితే ఫోర్క్ దాన్ని తోసి ముందుకు వెళ్లే షాఫ్ట్‌తో కలుపుతుంది. అక్కడి నుంచి ట్రాక్టర్ పొట్ట కింద ఒక గొట్టంలో షాఫ్ట్ ముందుకు వెళ్తుంది. దానికి రెండు చివర్లా కప్లర్లు. తర్వాత ముందు యాక్సిల్‌లో పినియన్ అనే చిన్న గేరు, అది తిప్పే పెద్ద క్రౌన్ వీల్, రెండు చక్రాలనూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్, వాటి నుంచి రెండు పక్కలా యాక్సిల్ షాఫ్ట్‌లు, చక్రాల దగ్గర తిరుగుడును మూల తిప్పే బెవెల్ గేర్లు. కొన్ని కార్లలో ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య ఇంకో డిఫరెన్షియల్ ఉంటుంది. ఇక్కడ అది లేదు. లీవర్ పడితే ముందూ వెనకా ఇనుముతో కట్టేసినట్టే. ఆ ముడిలో సర్దుకునే చోటు టైరుకూ నేలకూ మధ్య మాత్రమే ఉంది. ఈ విషయం కాసేపు గుర్తుంచుకోండి.

ఓనర్‌ని కూర్చోబెట్టి కొన్ని ప్రశ్నలు అడిగాను. ఎప్పుడు పోయింది? మట్టి నిండిన బకెట్‌తో ఎత్తు మీదికి ఎక్కుతుంటే. ఏం వినపడింది? కింద నుంచి కటకటమని చప్పుడు, తర్వాత ఏమీ లేదు. అంతకు ముందు ఏమైనా తేడా కనిపించిందా? కాస్త ఆలోచించి, "లీవర్ వెయ్యడం తేలికే. తియ్యడమే కష్టంగా ఉండేది. ఒక్కోసారి రెండు చేతులతో లాగినా వచ్చేది కాదు, బండి కొంచెం వెనక్కి పోనిస్తే అప్పుడు టప్పున వచ్చేది" అన్నారు.

ఆ మాట విన్నప్పుడు నేను లీవర్ లింకేజ్‌ని అనుమానించాను. అది పొరపాటు అంచనా. లీవర్ కింది రాడ్ దగ్గర పిన్ అరిగి, రంధ్రం కోలగా సాగి ఉంది. అది కనబడేసరికి జవాబు దొరికినట్టే అనిపించింది. రాడ్ విడదీసి, గేర్‌బాక్స్ మీది ఆర్మ్‌ని చేత్తో తిప్పి చూశాను. ఆర్మ్ రెండు వైపులా పూర్తిగా వెళ్తోంది, ప్రతి చివరా లోపలి బాల్, స్ప్రింగ్ టక్కున పడటం చేతికి తెలుస్తోంది. అంటే ఫోర్క్, లోపలి గేరు తమ పని తాము చేస్తున్నాయి. పిన్ మార్చాను, అది ఎలాగూ మార్చాల్సిందే. ముందు చక్రాల్లో మాత్రం ఏ మార్పూ లేదు.

ఇక అసలు పరీక్ష. దీనికి ఒక్క స్పానర్ కూడా అక్కర్లేదు, కానీ జాగ్రత్త కావాలి. ఇంజన్ ఆఫ్ చేసి తాళం నా జేబులో వేసుకున్నాను. వెనక చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, ముందు భాగాన్ని జాకీతో లేపి స్టాండ్ల మీద నిలబెట్టాను. ముందు యాక్సిల్ మధ్య పిన్ మీద ఊగుతుంది కాబట్టి దానికి రెండు పక్కలా చెక్క ఆపులు పెట్టాలి. లేకపోతే చక్రం తిప్పుతున్నప్పుడు యాక్సిల్ ఒక పక్కకు ఒరుగుతుంది. చాలామంది లోడర్ బకెట్‌ని నేలకు అదిమి ముందు భాగం లేపుతారు, అలాగే కింద దూరి పనిచేస్తారు. ఒక్క హోస్ తెగినా బండి మీద పడుతుంది. నేను ఆ పని చెయ్యను, నా దగ్గర పనిచేసేవాళ్లను కూడా చెయ్యనివ్వను.

బండి గేర్‌లో, ఫోర్ వీల్ లీవర్ వేసి ఉంది. ఎడమ ముందు చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పాను. కుడి చక్రం అంతే నున్నగా వెనక్కి తిరిగింది. ఈ ఒక్క కదలికతో చాలా సంగతులు తేలిపోయాయి. డిఫరెన్షియల్ బాగుంది, రెండు యాక్సిల్ షాఫ్ట్‌లూ తెగలేదు, రెండు చివర్ల బెవెల్ గేర్లూ పట్టే ఉన్నాయి. వీటిలో ఏదైనా తెగి ఉంటే నేను తిప్పిన చక్రం ఉత్తినే తిరిగేది, అవతలిది కదలకుండా ఉండేది.

తర్వాత నా అసిస్టెంట్ కుడి చక్రం పట్టుకున్నాడు, నేను ఎడమది పట్టుకున్నాను. ఇద్దరం ఒకేసారి ముందుకు తిప్పాం. లీవర్ వేసి, బండి గేర్‌లో ఉన్నప్పుడు రెండూ కలిసి ఒకే దిక్కుకు తిరగకూడదు. కొంచెం కదిలి ఆగిపోవాలి. ఇవి తిరిగాయి. తిరుగుతుంటే పొట్ట కింది గొట్టంలో టిక్ టిక్‌మని చిన్న చప్పుడు. గొట్టం వెనక చివర వేలు ఆనించి పెడితే ఒక్కో టిక్కూ వేలికి తగిలింది. ముందు చివర వేలు పెడితే ఏమీ లేదు. జబ్బు వెనక కప్లర్‌లో ఉందని అక్కడితో ఖాయమైంది. యాక్సిల్ విప్పే పని లేదు.

గొట్టం క్లాంపులు వదులు చేసి వెనక్కి జరిపాను. లోపల నుంచి ఎర్రటి పొడి రాలింది. ఇది మామూలు తుప్పు కాదు. గ్రీజు లేకుండా ఇనుము ఇనుముతో సన్నగా, లక్షలసార్లు రాసుకుంటే వచ్చే పొడి, ముట్టుకుంటే ముఖానికి రాసుకునే పౌడర్ అంత మెత్తగా ఉంటుంది. గ్రీజు ఎండి గట్టిపడి ఒక మూలకు పోయింది. కప్లర్ లోపలి పళ్లు కత్తి అంచుల్లా సన్నబడి, సగం వరకు విరిగిపోయాయి. కప్లర్‌ని షాఫ్ట్‌కు పట్టి ఉంచే స్ప్రింగ్ పిన్ రెండు ముక్కలై గొట్టంలో పడి ఉంది.

షాఫ్ట్ చివర తుడిచి వెలుతురులో పెట్టి చూశాను. ఒక్కో పన్ను మీదా కప్లర్ కూర్చునే మేర మెట్టులా అరుగుదల ఉంది. గోరు పెట్టి లాగితే ఆగిపోయేంత మెట్టు. ఇది 260 గంటల అరుగుదల కాదు. అంటే క్రితంసారి కప్లర్ ఒక్కటే మార్చి, అరిగిన షాఫ్ట్‌ని అలాగే వదిలేశారు. కొత్త కప్లర్ పన్ను మొత్తం మీద కాకుండా మెట్టు అంచు మీద కూర్చుంది, బరువంతా ఆ సన్న గీత మీదే పడింది. తొందరగా పోవడానికి ఇది ఒక కారణం. ఆ క్షణంలో నేను ఇక్కడితో ఆగి ఉంటే షాఫ్టూ కప్లరూ రెండూ కొత్తవి వేసి బండి పంపేసేవాడిని. ఆగకపోవడానికి కారణం ఓనర్ చెప్పిన లీవర్ సంగతే. లింకేజ్ బాగుండి కూడా లీవర్ ఎందుకు ఇరుక్కునేది?

ఇంకో సంగతి కూడా గమనించాను. షాఫ్ట్ పళ్లకు రెండు ముఖాలు ఉంటాయి. బండి ముందుకు పోతూ ముందు చక్రాలను తిప్పేటప్పుడు ఒక ముఖం నొక్కుకుంటుంది. చక్రాలే షాఫ్ట్‌ని ముందుకు ఈడ్చేటప్పుడు రెండోది నొక్కుకుంటుంది. ఇక్కడ లోతైన మెట్టు మొదటి ముఖం మీద ఉంది. రెండో ముఖం మీద ఉన్నా తక్కువే. లోడర్ పనిలో రివర్స్ కూడా బాగా ఉంటుంది కాబట్టి ఆ కొంచెం అరుగుదల అర్థం చేసుకోవచ్చు. అంటే ముందు చక్రాలు నేల మీద దొర్లే వేగం కంటే ఎక్కువ వేగంతో తిరిగేలా షాఫ్ట్ వాటిని ఎప్పుడూ తోస్తూనే ఉందన్నమాట.

అప్పుడు టైర్ల వైపు చూశాను. నిజానికి మొదటే చూడాల్సింది. వెనక టైర్లు పాతవి, గుబ్బలు సగానికి పైగా అరిగాయి. ముందు టైర్లు కొత్తవి. "ఇవి ఎప్పుడు వేశారండీ?" అంటే, "10 నెలలు అయింది. పాత సైజు దొరకలేదు. ఒక సైజు పెద్దవి వేస్తే మట్టిలో ఇంకా బాగా ఎక్కుతుందని వేయించాను" అన్నారు. 10 నెలల కింద టైర్లు, 8 నెలల కింద మొదటి కప్లర్. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

అనుమానం ఒకటి, లెక్క ఒకటి. మెకానికల్ ఫోర్ వీల్ డ్రైవ్‌లో ముందు చక్రాలు వెనక వాటికంటే కొంచెం వేగంగా తిరిగేలా గేర్లు కూర్చుతారు. ముందు చక్రాలు బండిని లాగాలి గానీ వెనక చక్రాల తోపుడుకు దొర్లకూడదు. ఈ తేడాను లీడ్ అంటాం. సాధారణంగా 1 నుంచి 5 శాతం మధ్య ఉంటే మంచిది. ముందు టైరు పెద్దదైతే ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది. గేర్లు మాత్రం పాత లెక్క ప్రకారమే దాన్ని తిప్పుతాయి. లీడ్ పెరిగిపోతుంది.

కప్లర్ పోయిన బండి మీద లీడ్‌ని మామూలు పద్ధతిలో కొలవలేం. అందుకని రెండు ముక్కలుగా కొలిచాను. వెనక భాగాన్ని కూడా లేపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ తీసి, ఫోర్ వీల్ లీవర్ వేసి, అసిస్టెంట్‌ని డిఫ్ లాక్ పెడల్ (రెండు వెనక చక్రాలూ కలిసి తిరిగేలా కట్టేసేది) తొక్కి పట్టుకోమన్నాను. డిఫ్ లాక్ లేకుండా ఒక చక్రమే తిప్పితే లెక్క సగానికి వస్తుంది, అక్కడ చాలామంది పొరపాటు పడతారు. గేర్‌బాక్స్ నుంచి బయటికి వచ్చే షాఫ్ట్ మొన మీద పెయింట్ చుక్క పెట్టి, వెనక చక్రాలు 5 చుట్లు తిప్పాం. మొన 92 చుట్లు తిరిగింది. తర్వాత ముందు వైపు: చక్రాలు రెండూ కలిపి 2 చుట్లు తిప్పితే షాఫ్ట్ 23 చుట్లు తిరిగింది. వెనక చక్రం ఒక చుట్టుకు షాఫ్ట్ 18.4 చుట్లు, ముందు చక్రం ఒక చుట్టుకు 11.5. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే 1.6. అంటే వెనక చక్రం 10 చుట్లు తిరిగితే గేర్లు ముందు చక్రాన్ని 16 చుట్లు తిప్పి తీరతాయి.

ఇక నేల లెక్క. బండిని దించి, టైర్లలో గాలి మాన్యువల్‌లో ఉన్నంత పెట్టి, ముందూ వెనకా టైర్ల మీద సుద్దతో గీత గీసి, గట్టి చదును నేల మీద చిన్న గేర్‌లో నిదానంగా నడిపించాను. ఫోర్ వీల్ ఎలాగూ పనిచెయ్యట్లేదు కాబట్టి ముందు చక్రాలు నేల ప్రకారమే దొర్లుతాయి. వెనక చక్రం 10 చుట్లకు బండి 28.4 మీటర్లు కదిలింది. ముందు చక్రం 14.3 చుట్లు తిరిగింది. నేల అడిగేది 14.3, గేర్లు ఇచ్చేది 16. లీడ్ దాదాపు 12 శాతం.

ఓనర్‌కి శాతాల్లో కాకుండా మీటర్లలో చెప్పాను. బండి 28.4 మీటర్లు పోయేలోపు ముందు చక్రాలు 31.8 మీటర్లు పోవాలని చూస్తున్నాయి. ఆ 3.4 మీటర్లు ఎక్కడో ఒకచోట జారాలి. మెత్తటి మట్టిలో జారిపోతుంది, ఎవరికీ తెలియదు. కాంక్రీట్ మీద, అదీ బకెట్ నిండా బరువుతో ముందు టైర్లు అదిమి ఉన్నప్పుడు జారవు. అప్పుడు ఆ తేడా అంతా షాఫ్ట్‌లో మెలికగా చేరుతుంది. మెలిక తిరిగిన షాఫ్ట్ గేరు పళ్లను బిగించి పట్టుకుంటుంది, అందుకే లీవర్ రాదు. కొంచెం వెనక్కి పోతే మెలిక విడిపోతుంది, టప్పున వస్తుంది. ఆయన నెలల తరబడి రెండు చేతులతో లాగింది ఆ మెలికనే. "మరి ఇన్నాళ్లూ బండి నాకు చెబుతూనే ఉందన్నమాట" అన్నారాయన.

ఆయన అడిగిన తర్వాతి ప్రశ్న న్యాయమైనదే: టైర్లు ఇంకా బాగున్నాయి, గాలి తగ్గించి సరిపెట్టుకోలేమా? గాలి తగ్గిస్తే టైరు కొంచెం కూర్చుంటుంది, లీడ్ కొద్దిగా దిగుతుంది. కానీ 12ని 4కి తేలేం. పైగా లోడర్ బరువు కింద తక్కువ గాలితో ముందు టైరు రిమ్ నుంచి జారిపోయే ప్రమాదం ఉంది. వెనక టైర్లు పెద్దవి వేస్తే లెక్క కుదురుతుంది గానీ అవి మడ్‌గార్డ్‌లకు తగులుతాయి. సరైన సైజు ముందు టైర్లు తెప్పించడం ఒక్కటే దారి అని చెప్పాను, ఒప్పుకున్నారు. సైజు అంకె ఒకటే అయినా వ్యవసాయపు గుబ్బల టైరుకూ ఇండస్ట్రియల్ రకానికీ, ఒక కంపెనీకీ ఇంకో కంపెనీకీ చుట్టుకొలత తేడా వస్తుంది. అందుకని కొనేముందు ఆ టైరు ఒక చుట్టుకు ఎంత దూరం దొర్లుతుందో కనుక్కొని, 1.84 మీటర్లు ఉన్నది ఎంచాం. వేసి ఉన్నవి 1.99.

రిపేర్ గురించి రాయడానికి పెద్దగా లేదు. షాఫ్ట్ కొత్తది, రెండు చివర్ల కప్లర్లూ కొత్తవి, స్ప్రింగ్ పిన్‌లు కొత్తవి. ఒకసారి కొట్టి తీసిన స్ప్రింగ్ పిన్‌ని మళ్లీ వాడకూడదు. గేర్‌బాక్స్ మొన పళ్ల మీద గోరు పెట్టి లాగి చూశాను, మెట్టు లేదు. అది అరిగి ఉంటే గేర్‌బాక్స్ విప్పాల్సి వచ్చేది, నేను భయపడింది దానికే. ముందు యాక్సిల్ ఆయిల్ డ్రెయిన్ చేశాను. ప్లగ్ మీద సన్నని బూడిద రంగు పేస్ట్ తప్ప ముక్కలు లేవు, నీరు కలిసిన తెల్లదనం లేదు. పినియన్‌ని పట్టుకుని ముందుకు వెనక్కి లాగితే ఆట లేదు. స్ప్లైన్లకు మాలిబ్డినం గ్రీజు దండిగా పెట్టి, గొట్టం చివర్ల రబ్బరు సీళ్లు మార్చి మూసేశాను. పాత సీళ్లు చిట్లి నీళ్లు పోవడం వల్లే లోపల గ్రీజు చెడింది.

టైర్లు వచ్చాక మళ్లీ సుద్ద గీతలు. ఈసారి కప్లర్ ఉంది కాబట్టి నేరుగా కొలిచాను. లీవర్ తీసి 10 చుట్లకు ముందు చక్రం 15.4, లీవర్ వేసి మట్టి నేల మీద 16. లీడ్ 4 శాతం లోపు. వెనక టైర్లు అరిగి ఉండటం వల్ల పై అంచుకు దగ్గరగా ఉంది. కొత్తవి వేస్తే ఇంకా తగ్గుతుంది. గట్టి నేల మీద 20 మీటర్లు లీవర్ వేసి నడిపి ఆపి, ఓనర్‌ని లీవర్ తియ్యమన్నాను. ఒక్క చేత్తో వచ్చింది.

ఇలాంటి కంప్లైంట్‌తో వచ్చే బండ్లన్నీ ఇదే కారణంతో రావు. నడుస్తుండగా లీవర్ దానంతటదే బయటికొస్తే ఫోర్క్ అరుగుదల, బాల్ స్ప్రింగ్ బలహీనత చూస్తాను. మలుపులో ఒక మూల నుంచి మాత్రమే చప్పుడు వస్తే చక్రం దగ్గరి బెవెల్ గేర్లు. బటన్‌తో వేసే రకమైతే ముందు ఫ్యూజు, సోలనాయిడ్, వైరింగ్. బురదలో ఒక ముందు చక్రం మాత్రమే తిరుగుతోందని బండి తెచ్చేవాళ్లు కూడా ఉన్నారు. అది జబ్బు కాదు, లాక్ లేని డిఫరెన్షియల్ స్వభావమే అంత, పట్టు తక్కువ ఉన్న చక్రం వైపే తిరుగుడు పోతుంది.

బండి అప్పగించేటప్పుడు ఒక విషయం గట్టిగా చెప్పాల్సి వచ్చింది. కప్లర్ మళ్లీ పోతుందనే టెన్షన్‌తో ఆయన ఇక ఫోర్ వీల్ వాడటమే మానేద్దామనుకుంటున్నారు. గట్టి రోడ్డు మీద తియ్యడం సరే. కానీ ఈ ట్రాక్టర్‌కు బ్రేకులు వెనక చక్రాలకే ఉన్నాయి. నిండు బకెట్‌తో వాలు దిగేటప్పుడు బరువంతా ముందుకు వస్తుంది, వెనక చక్రాలు తేలికవుతాయి, బ్రేక్ తొక్కినా జారతాయి. లీవర్ వేసి ఉంటే షాఫ్ట్ ద్వారా ముందు చక్రాలకు కూడా బ్రేక్ అందుతుంది. షాఫ్ట్ పోతే మార్చుకోవచ్చు. వాలులో బండి జారితే మనిషి పోతాడు. వాలు దిగేముందు లీవర్ వెయ్యడం ఎట్టి పరిస్థితుల్లోనూ మానొద్దని రెండుసార్లు చెప్పాను.

150 గంటల తర్వాత పిలిపించి గొట్టం జరిపి చూశాను. ఎర్ర పొడి లేదు. గ్రీజు నల్లగా, జిగురుగా పెట్టినచోటే ఉంది. గోరుకు మెట్టు తగల్లేదు. వెనక టైర్లు ఇంకో ఏడాది వచ్చేలా ఉన్నాయి. అవి మార్చే రోజున కొనకముందే ఫోన్ చెయ్యమన్నాను. సుద్ద గీతలు, 10 చుట్ల లెక్క అయ్యాకే సైజు చెబుతాను.